ఇంటినిండా ఒకే పేరు

ఆ ఎర్ర గీతలు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పంతొమ్మిదివందల యాభైలలో ఆదోని బడిలో ఐదో తరగతి చదువుతున్నాను. ఇంటి పెద్దల పేర్లు రాసుకురమ్మన్నాడు మా అయ్యవారు. ఆదివారం ఎమ్మిగనూరులో అవ్వ దగ్గరికి పోయాను. పెద్దమ్మలూ, పిన్నమ్మలూ, పక్కింటి ఆడవాళ్ళూ విత్తనానికి వేరుశెనగ బుడ్డలు ఒలుస్తున్నారు. చేతులు ఆడుతున్నంతసేపూ పోయిన పెద్దల సంగతులు చెప్పుకోవడం వాళ్ళకొక ఆట. ఎవరైనా తడబడితే మిగతావాళ్ళు పగలబడి నవ్వుతారు. విన్న పేర్లన్నీ రాసుకున్నాను.

అయ్యవారు అన్నిటినీ ఎర్ర సిరాతో కొట్టేశాడు. తాతా, ముత్తాతా, వాళ్ళ అన్నదమ్ములూ అందరికీ మా ఇలవేల్పు ఉరుకుంద దేవుడి పేరే మరి. ముందు పెద్ద, నడిపి, చిన్న అన్నదొక్కటే తేడా.

"రాసిందే రాసి నన్ను మోసం చేస్తావా? చెరిపేసి మళ్ళీ రాసుకురా!"

నేను చెరపలేదు. మళ్ళీ ఆదివారం పోయి సంగతి చెబితే అవ్వ చేతిలో బుడ్డలు విసిరికొట్టింది. "ఒక్కటి గూడా సెరపొద్దు మే! ఎవురు ఏం సేసినారో పక్కన రాయి. ఈసారి ఎట్ల కొట్టేస్తాడో సూస్తాం!"

రాశాను. బాయి తవ్వినాయన. కరువులో బిడ్డల్ని ఎత్తుకొని బళ్ళారికి నడిచినాయన. రెడ్డి ముందర చెప్పులు విడవనన్నాయన.

"ఇవి పేర్లా?" అన్నాడు అయ్యవారు, మళ్ళీ ఎర్ర కలం తీస్తూ.

"పేరు దేవునిది అయ్యోరా. ఇవి మావోళ్ళు సంపాయించుకున్నేటివి."