రాజలింగం ఇంట్లో మూడు పేర్లు

తార్నాకలో మేము అద్దెకు దిగిన ఇంటి వెనక ఒక రేకుల ఇల్లుండేది. అందులో రాజలింగం, ఆయన భార్య అమృతమ్మ ఉండేవాళ్లు, వాళ్లతో మూడు కుక్కలు. నేను బాపట్ల నుంచి వచ్చి యూనివర్సిటీ లైబ్రరీలో గుమాస్తాగా చేరింది అరవై ఏడులో. చేరిన మొదటి నెలంతా ఆ కుక్కల వాసనకు ముక్కు మూసుకుని, ఇల్లు మారుద్దామని మా వారితో పోట్లాడుతూనే ఉన్నాను.

రాజలింగం క్యాంపస్ దవాఖానాలో కట్లు కట్టే మనిషి. అప్పటికి యాభై ఏడేళ్లు. పగలు విద్యార్థుల మోకాళ్లకు టింక్చరు రాసి, సాయంత్రం ఇంటికొచ్చి కుక్కలకు అదే పని చేసేవాడు. బాగయ్యే కుక్కయితే బాగుచేసి వదిలేసేవాడు. ఇక బాగుపడదన్నదే ఇంట్లో మిగిలేది, చచ్చేదాకా. లారీ కింద నడుము విరిగినదాని పేరు దొర. దానికి రోజుకు మూడుసార్లు పొత్తికడుపు నొక్కి మూత్రం తీయాలి, పుండ్లు పడకుండా పక్క మారుస్తుండాలి. మూర్ఛలొచ్చేది సోమి. పూటకో మాత్ర బెల్లంలో దాచి మింగించాలి. రెండు కళ్లూ లేనిది ఎంకన్న. దాని కోసం ఆ ఇంట్లో చెంబు కూడా జరిపేవాళ్లు కాదు. కన్న పిల్లలకే ఇంత చాకిరీ చేయరు కదా అని నేను దెప్పితే అమృతమ్మ నవ్వేది.

ఆ కుక్కలు మొరిగేవి కావు. వాసన కన్నా నాకు నచ్చనిది అదే.

నేనొచ్చిన ఆర్నెల్లకు సోమి చచ్చిపోయింది. వేపచెట్టు పక్కన పూడ్చారు. నాలుగో రోజు మధ్యాహ్నం ఎక్కడిదో బూడిదరంగు కుక్క గేటు దగ్గరికొచ్చి, నురగలు కక్కుతూ గిలగిలా కొట్టుకుంది. రాజలింగం దాని తల ఒళ్లో పెట్టుకుని, తగ్గాక "సోమీ" అని పిలిచాడు. అది లేచింది. తిన్నగా లోపలికి నడిచి, పాత సోమి పడుకునే గోనెసంచి మీద మూడుసార్లు తిరిగి పడుకుంది. నీళ్ల గిన్నె తలుపు చాటున ఉంటుందని దానికెవరూ చూపించలేదు. లేచి వెళ్లి తాగింది.

నాకు ఒళ్లు జలదరించింది. జలదరిస్తే నాకు కోపం వస్తుంది.

"పెద్దాయనా, కొత్త కుక్కకు కొత్త పేరు పెట్టొచ్చు కదా, పేర్లకేం కరువా?" అన్నాను.

"పేరు ఉన్నది గదమ్మా. కుక్కనే కొత్తది" అన్నాడు, దాని మూతి తుడుస్తూ. "మా దిక్కు తాత పేరు మనుమనికి పెడ్తరు. కాని తాత పోయినంకనే. బతికుండంగ ఇయ్యద్దు. ఒక ఒరల రెండు కత్తులు ఇముడయి. ఒక పేరు మీద ఇద్దరుంటే, ఒకలు పోవాల్సిందే."

ఏడాది తిరక్కముందే దొర కూడా పోయింది. సీతాఫల్‌మండి రైలు గేటు దగ్గర నడుము విరిగిన కుక్కను బుట్టలో పెట్టుకుని తెచ్చాడు. "దొరా" అన్నాడు. ఆయన దాని పొట్ట మీద చెయ్యి వేయకముందే అది తోక పక్కకు పెట్టుకుంది. లాలాపేట్ నుంచి పాలు పోసే ఈరమ్మ గేటు దాటి లోపలికి వచ్చేది కాదు. "ఆ ఇంట్ల కుక్కలు సావయమ్మా, తోలు మార్చుకుంటయి" అనేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని నేను కసిరేదాన్ని. కసిరాక ఇంట్లోకొచ్చి వెనక కిటికీ మూసుకునేదాన్ని.

అరవై తొమ్మిది వేసవి. తెలంగాణ ఉద్యమంలో యూనివర్సిటీ మూతపడింది, లైబ్రరీకి తాళం పడింది. దెబ్బలు తగిలిన పిల్లలకు కట్లు కడుతూ రాజలింగం మూడు రోజులు దవాఖానాలోనే ఉండిపోయాడు. అమృతమ్మకు జ్వరం. కుక్కల పని నా మీద పడింది. కంపు కంపు అని గోలపెట్టిన నేనే దొర పొత్తికడుపు నొక్కడం నేర్చుకున్నాను. రెండో రోజు చౌరస్తాలో టియర్‌గ్యాస్ పేలింది. నేను గేటు గడియ వేయలేదు. ఎంకన్న బెదిరి బయటికి పరుగెత్తింది, గుడ్డిది, గోడలకు తగులుకుంటూ. నేను వెనక పరుగెత్తాను కానీ అందలేదు.

రాజలింగం వచ్చాక వెతుకులాట మొదలుపెట్టాడు. కర్ఫ్యూ అంటే వినడు. మౌలాలి గుట్ట దాకా పోయేవాడు, తిరిగొచ్చేసరికి అమృతమ్మ గేటు పట్టుకుని నిలబడి ఉండేది. తొమ్మిదో రోజున రైలు పట్టాల మీద ఒక కుక్క చచ్చిపడి ఉందని ఎవరో అన్నారు. నేను వెళ్లలేదు. వెళ్లానని చెప్పాను.

"కండ్లార చూసినరా అమ్మా?"

"చూశాను. ఎంకన్నే" అన్నాను.

ఈ మనిషిని ఎవరైనా కాల్చేస్తారేమో అన్న భయంతో ఆడిన అబద్ధం అది. ఆ సాకు ఇప్పుడు ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకే చాలడం లేదు.

రాజలింగం ఆ రోజు చావు స్నానం చేశాడు. వారం తర్వాత కళ్లు కాలిపోయిన పిల్లకుక్కను ఎవరో గేటు దగ్గర వదిలితే "ఎంకన్నా" అని పిలిచాడు. అది తడుముకోకుండా ఎంకన్న మూలకు వెళ్లిపోయింది.

మరో పదిరోజులకు, మిట్టమధ్యాహ్నం, పాత ఎంకన్న వచ్చింది.

ఎముకల గూడులా ఉంది. గేటు బయట నిలబడింది. లోపలికి రాలేదు. అమృతమ్మ ఆగలేక "ఎంకన్నా, రా బిడ్డా" అంది. లోపలి నుంచి పిల్లకుక్క తోకాడిస్తూ ఉరికి వచ్చింది. పాతది మాత్రం, వేరెవరినో పిలుస్తున్నారన్నట్టు, మొహం పక్కకు తిప్పుకుంది. ఎత్తుకుని లోపల పెడితే మళ్లీ గోడలకు తగులుకుంటూ బయటికే పోయింది. నాలుగేళ్లు తిరిగిన ఇల్లు దానికి తెలియలేదు. రెండు రోజులు మెతుకు ముట్టలేదు.

రాజలింగం నావైపు ఒక్కసారే చూశాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

"ఇంకో పేరు పెట్టండి, ఏదో ఒకటి" అన్నాను ఏడుస్తూ.

"ఉత్తగ పెడ్తే పలుకదమ్మా. ఒకలు మోసిన పేరు కావాలె" అన్నాడు. గడప మీద కూర్చున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, గేటు వైపు చూస్తూ పిలిచాడు.

"రాజలింగం!"

లోపల అమృతమ్మ చేతిలోంచి గిన్నె పడింది. "గట్ల పిలువకు, నీ కాళ్లు మొక్కుత" అని అరిచింది. కుక్క అప్పటికే చెవులెత్తింది. గేటు దాటి, ఎక్కడా తగులుకోకుండా నడిచొచ్చి, ఆయన మోకాలి మీద మూతి ఆనించింది. ఆయన పెట్టిన గంజి గిన్నె నాకేసింది.

ఆ రోజు నుంచి గల్లీలో ఎవరు "రాజలింగం" అన్నా ముందు కుక్క తలెత్తేది. ఆయన రెండోసారికో మూడోసారికో పలికేవాడు, ఎక్కడి నుంచో వస్తున్నట్టు. పదకొండో రోజున దవాఖానాలో డాక్టరు పక్క గదిలోంచి నాలుగుసార్లు పిలిచాడట. వెళ్లి చూస్తే స్టూలు మీద, చేతిలో గాజుగుడ్డ చుట్టతో, అలాగే కూర్చుని ఉన్నాడట. గుండె అన్నారు. నేనూ గుండె అనే అంటాను, నలుగురిలో ఉన్నప్పుడు.

దినాలయ్యాయి. చుట్టాలు పోయారు. సోమికి మాత్ర, దొరకు పక్క మార్చడం, అన్నీ నేనూ అమృతమ్మా చేసుకుంటున్నాం. ఆ కుక్క మాత్రం మళ్లీ గేటు బయట నిలబడింది. మూడు రోజులు తిండి లేదు. నేను పేరు పెట్టి పిలిచాను, బతిమాలాను. ఇదివరకు ఎవరు పిలిచినా తలెత్తేది, ఇప్పుడు చెవి కూడా కదపలేదు. ఇది చస్తే ఆయన్ను రెండోసారి చంపినట్టే అనిపించింది నాకు.

"నువ్వు పిలువమ్మా" అన్నాను అమృతమ్మతో.

నలభై ఏళ్ల కాపురంలో ఆమె ఆ పేరు ఒక్కసారి పలకలేదు. రేషన్‌కార్డు రాసేవాడికి కూడా పక్కింటి పిల్లతో చెప్పించింది. గంజి గిన్నె పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. పెదవులు రెండుసార్లు కదిలి ఆగాయి.

"రాజలింగం" అంది, వినపడీ వినపడకుండా.

కుక్క లోపలికొచ్చింది. కుక్కల గోనెసంచుల వైపు పోలేదు. ముందు గదిలో ఆయన చాప చుట్టి గోడకు ఆనించి ఉంటే, దాన్ని మూతితో తోసి పరిచి, ఆయన పడుకునే వైపుకే తల పెట్టి పడుకుంది.

అమృతమ్మ, ఆయనకు అన్నం పెట్టేటప్పటిలాగే, కొంగు నెత్తి మీదికి లాక్కుని, వంగి, గిన్నె దాని ముందు పెట్టింది.