అక్క సంతకం

నేను నర్సీపట్నంలో పంతులమ్మగా చేరిన ఆరో ఏడు మాకు సొంత ఇల్లు కట్టుకోవాలన్న కోరిక పుట్టింది. అప్పటికి నాలుగు అద్దె ఇళ్లు మారాం. మావారికి మాత్రం స్థలాల బ్రోకర్లంటే గిట్టేది కాదు. పల్లాన్ని చూపించి మెరక అంటారని ఆయన నమ్మకం. పైగా ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. కాగితాలు చదవడంలో తనని మించినవాళ్లు లేరనుకునేవారు.

అయినా మా బడిలో తోటి టీచరు చెబితే ఒక బ్రోకరు పెద్దాయన వచ్చారు. అరవై దాటిన మనిషి, మోకాళ్ల పైకి కట్టిన పంచె, చంకలో గొడుగు. ఐదో తరగతితో చదువు ఆపేశారట. మూడు ఆదివారాలు మమ్మల్ని ఊరంతా నడిపించారు. ఏ స్థలానికి వెళ్లినా ముందు పక్కింటివాళ్లని మంచినీళ్లడిగి తాగేవారు. నీళ్లు ఉప్పగా ఉంటే ఇక అక్కడ నిలబడనిచ్చేవారు కాదు. ఆయన అడుగులేసి చెప్పిన కొలతకీ టేపు కొలతకీ జానెడు తేడా కూడా వచ్చేది కాదు.

మూడో ఆదివారం చూసిన స్థలం నాకు తెగ నచ్చింది. అక్కణ్ణించి కొండలు కనిపిస్తాయి. అమ్మేది పక్క ఊరి రైతు. మావారు దస్తావేజులు రెండుసార్లు చదివి అంతా సవ్యంగా ఉందన్నారు. పెద్దాయన వాటిని అడిగి తీసుకుని, మా అరుగు మీద కూర్చుని, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి గంటసేపు చదివారు.

“ఇది ఆ రైతు తల్లి పేరు మీదున్న స్థలమండీ. ఆవిడ పోయింది. అమ్మ ఆస్తంటే కొడుక్కెంతో కూతురికీ అంతే కదా. ఆయనకో అప్ప ఉంది. ఆవిడ సంతకమేదండీ?” అన్నారు.

మావారు కాగితాలు మళ్లీ అందుకున్నారు. మొదటి పేజీ నుంచి చదవసాగారు.

అక్క పాయకరావుపేటలో ఉంటుందనీ, ఎనిమిదేళ్లుగా మాటల్లేవనీ, ఆమె ఊసెత్తితే వేరే బ్రోకరుని చూసుకుంటాననీ ఆ రైతు అన్నాడు. పెద్దాయన చూసుకోమన్నారు. మర్నాడే, మేమెవరం చెప్పకుండానే, బస్సెక్కి పాయకరావుపేట వెళ్లారు.

తరవాతి ఆదివారం ఆవిణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. కబురందుకుని తమ్ముడు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

“సంతకం పెట్టనని నానెప్పుడన్నాన్రా? అడగడానికి బ్రోకరుగారొచ్చారు. నువ్వెందుకు రానేదు?”

“తలుపేసెస్తావని బయమేసిందప్పా.”

“ఏస్తే కొట్టాలి. నీకు తెలీని తలుపా అది?”

అతను లేచి వెళ్లి ఆవిడ చేతిలో సంచీ అందుకున్నాడు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు, మొహాల మీద నవ్వు. ఆ పూట అందరం మా ఇంట్లోనే భోంచేశాం. అక్క వాటా అక్కకి ముట్టాకే రిజిస్ట్రేషను జరిగింది.

ఆ తరవాత ఆఫీసులో ఎవరు స్థలం కొంటున్నా, ముందు కాగితాలు మా పెద్దాయనకి చూపించమని మావారే చెప్పేవారు.

మా గృహప్రవేశానికి ఆ అక్క రెండు రోజుల ముందే వచ్చింది. పనసకాయ మోసుకుంటూ వెనకాల తమ్ముడు. పరమాన్నంలో బెల్లం ఎంత పడాలన్నదాని మీద కొత్త వంటింట్లో ఇద్దరూ ఒకటే వాదులాట. మధ్యలో గరిటె పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాను నేను.