చెవి ఏసుపాదం

మిర్యాలగూడలో ఉత్త ఏసుపాదం అని అడిగితే ఎవరూ చెప్పలేరు. చెవి ఏసుపాదం అనాలి. అప్పుడు ఏ ఆటోవాడైనా నేరుగా హుజూర్‌నగర్ రోడ్డులోని రేకుల షెడ్డు ముందు దింపి, పనిలో పనిగా తన ఆటో చప్పుడు కూడా ఓసారి వినమని అడుగుతాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఏసుపాదం దగ్గర మూరెడు పొడవు స్క్రూడ్రైవర్ ఒకటుంది. దాని కొస ఇంజన్ మీద ఆనించి, చెక్క పిడిని చెవికి నొక్కిపెట్టి, కళ్లు మూసుకుంటాడు. రెండు నిమిషాల తర్వాత కళ్లు తెరిచి రోగం పేరు చెబుతాడు. ముప్పై ఏళ్లుగా అతని మాట తప్పిందని ఎవరూ అనలేదు. మనిషికి కోపం ముక్కు మీదే ఉంటుంది. బండి గురించి దాచిపెట్టి మాట్లాడితే తాళంచెవి చేతిలో పెట్టి పొమ్మంటాడు. అయినా జనం అతని దగ్గరకే వస్తారు.

షెడ్డును ఆనుకునే అతని భార్య బుచ్చమ్మ కొట్టు. పొద్దున చాయ్, సాయంత్రం మిర్చీలు. బుచ్చమ్మది సన్నటి గొంతు. పెళ్లికి ముందు వేములపల్లి చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే, వెనక వరుసలో కూర్చున్న ఏసుపాదానికి ఇంకెవరి గొంతూ వినిపించేది కాదు. ఆ గొంతు కోసమే రెండేళ్లపాటు ఒక్క ఆదివారం తప్పకుండా చర్చికి పోయాడు. కుర్రవాడి భక్తికి పాస్టరు గారు మురిసిపోయారు కూడా.

అలాంటి చెవి ఇప్పుడు పోతోంది.

మొత్తం పోయినా ఒక దారి. లావు చప్పుళ్లు, లారీ హారన్, సుత్తి దెబ్బ బాగానే వినిపిస్తాయి. సన్నటివే ఒక్కొక్కటిగా జారుకున్నాయి. ముందు ఉడుతల అరుపు పోయింది. తర్వాత ఫోను మోత. నిరుడు ఎండాకాలంలో కుక్కర్ చూస్తూ ఉండమని బుచ్చమ్మ చెప్పిపోతే, పక్కనే పీట మీద కూర్చుని కూడా ఒక్క కూతా వినలేదు. పప్పు మాడి ఇల్లంతా పొగ. నిద్రపట్టిందని అబద్ధమాడాడు. చాటుగా దవాఖానకు పోతే డాక్టరు, ఇన్నేళ్లు గ్రైండింగ్ మిషన్ పక్కన పనిచేసినందుకు సన్నటి చప్పుళ్లు పోయాయని, చెవికి మిషన్ పెట్టుకోమని చీటీ రాసిచ్చాడు. చెవికి మిషన్ పెట్టుకున్న చెవి ఏసుపాదం! ఆ చీటీని నూనె గుడ్డలతోపాటు కాల్చేశాడు. బుచ్చమ్మకు కూడా చెప్పలేదు.

అదేం చిత్రమో, సరిగ్గా ఆ రోజుల్లోనే బుచ్చమ్మ గొంతు బొంగురుపోయింది. మిర్చీల నూనె పొగ వల్లేననుకున్నాడు. వారం వారం మెడికల్ షాపులో గొంతు గోళీలు కొని తెచ్చేవాడు. పడుకునే ముందు మిరియాల పాలు కాచి ఇచ్చేవాడు. ఆమె మారుమాట్లాడకుండా తాగేది. ఏడాదైనా గొంతు మాత్రం బాగుపడలేదు.

మొన్న నాట్ల రోజుల్లో ఒక రైతు ట్రాక్టరు తెచ్చాడు. ఏసుపాదం విని, ఇంజన్ పోయిందన్నాడు. మొత్తం విప్పితే లోపలంతా శుభ్రంగా ఉంది. చప్పుడు బయటి చిన్న బేరింగులోంచి వచ్చింది. నాలుగు రోజుల దున్నకం పోయినా ఆ రైతు పల్లెత్తు మాట అనలేదు. “నీ చెవికే అందలేదంటే ఇంకెవలికి అందుతదే అన్నా” అని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఏసుపాదానికి. ఇంకొక్కసారి ఇలా జరిగితే షెడ్డు మూసేయాలని ఆ రోజే నిశ్చయించుకున్నాడు.

రెండో శనివారం పొద్దున ఒక తెల్ల కారు ముందు నుంచి ఆవిరి కక్కుతూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. అందులోంచి ఒక టీచరమ్మ దిగింది. పేరు రజని.

“మాది కోదాడండీ బాబాయ్. మా నాన్న కిరాయి జీపు నడిపేవారు, రిపేరొస్తే మీ దగ్గరకే తెచ్చేవారు. ఈ కారు సూర్యాపేటలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. పద్నాలుగేళ్ల డీజిల్ బండి. నెలరోజులుగా ఒకటే చప్పుడు, పది కిలోమీటర్లు పోయేసరికి వేడెక్కిపోతోంది. దారంతా ఆపి ఆపి చల్లార్చుకుంటూ వచ్చాను. మా ఊళ్లో చూపిస్తే ఇంజన్ దించాలన్నారు. ఏసుపాదం చెవి పెట్టకుండా ఎవర్నీ ఇంజన్ ముట్టుకోనివ్వకు అన్నారు నాన్న.”

ఆమె కారు మీద చెయ్యి వేసి మళ్లీ అంది. “నాన్న బతుకంతా పరాయివాళ్ల బండే నడిపారు. మాకు సొంతానికి ఇదే మొదటిదండీ. మీరు కూడా ఇంజన్ పోయిందంటే తుక్కుకి ఇచ్చేస్తాను, ఇక ఎవరికీ చూపించను.”

“మొదలు సల్లారనియ్యి బిడ్డా. వేడి మీద మూత తీస్తే మొఖం కాలుతది,” అన్నాడు ఏసుపాదం. నిజానికి చల్లారాల్సింది తన గుండె.

గంట తర్వాత నీళ్లు నింపి, రజనిని స్టార్ట్ చేయమన్నాడు. స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకున్నాడు. టకటకమని లావుగా కొడుతోంది. పాత డీజిల్ బండికి ఉండే మామూలు దెబ్బేనా, లోపల రాడ్డు వదులై కొట్టుకుంటోందా? ఒకప్పుడైతే క్షణంలో తేల్చేవాడు. ఇప్పుడు ఆ టకటక తప్ప ఇంకేమీ అందడం లేదు. కోదాడవాళ్లు అన్నదే నిజం కావచ్చు. ఇంజన్ దించాలనే మాట నాలుక చివరికి వచ్చింది.

అంతలో బుచ్చమ్మ చాయ్ గ్లాసులతో వచ్చింది. “సాంసన్ నాయినా, గా గీరుడు సప్పుడేంది?” పెళ్లయి కొడుకు పుట్టినప్పటి నుంచి ఆమె అతన్ని పిలిచేది అలాగే.

“ఏ గీరుడు?” అన్నాడు ఏసుపాదం.

“అదేనండీ నేను చెప్పిన చప్పుడు!” అంది రజని స్టీరింగు దగ్గర నుంచి.

ఇద్దరికీ వినిపిస్తున్న ఆ చప్పుడు, బండి ఇంత దూరం వచ్చింది దేని కోసమో అదే, ఏసుపాదానికి వినిపించడం లేదు. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కవచ్చు. తను గట్టెక్కితే కారు తుక్కుకు పోతుంది. చేతిలోని స్క్రూడ్రైవర్ వైపు చూసుకున్నాడు. దాన్ని ముప్పై ఏళ్లలో ఇంకొకరిని తాకనివ్వలేదు. బుచ్చమ్మ ఒకసారి దాంతో కొబ్బరి పీచు తీసిందని రెండు పూటలు అన్నం మానేశాడు.

దాన్ని ఆమె చేతికిచ్చాడు. “నాకు ఇనబడుతలేదు బుచ్చీ. నువ్వు ఇను. కొంగు దోపుకో, బెల్టుకు దూరముండు.”

బుచ్చమ్మ ఆశ్చర్యపోలేదు. ఎందుకు ఆశ్చర్యపోలేదని అప్పుడతనికి తోచలేదు. పిడి చెవికి పెట్టుకుని, అతను పట్టి చూపిన చోటల్లా ఆనించింది.

“ఎట్లుంది?”

“గింజలెయ్యకుంట ఇసుర్రాయి తిప్పినట్టుంది. రాయికి రాయి ఒరుస్తుంది.”

“రేజ్ చేస్తే?”

“అది గూడ ఉరుకుతుంది. గీడ లేదు... గీడ జర ఉన్నది... అమ్మో, గీడనే! చెవుల పడి కరుస్తుంది.”

కొస నీళ్ల పంపు మీద ఉంది. ఇంజన్ చుట్టూ నీళ్లు తిప్పి దాన్ని చల్లగా ఉంచేది ఆ పంపే. ఈ బండిలో దాన్ని తిప్పేది ముందున్న బెల్టు. ఏసుపాదం ఇంజన్ ఆపించి, బెల్టు తీసి, ఒక్క నిమిషం నడిపించాడు. చప్పుడు ఇంజన్ లోపలిదైతే బెల్టు లేకపోయినా వస్తుంది.

“ఉన్నదా?”

“ఖతం. పోయింది.”

ఇంజన్ ఆపాక పంపు చక్రాన్ని వేళ్లతో తిప్పి చూశాడు. గరగరా అడ్డుపడుతోంది. పైకీ కిందికీ ఆడించాడు, పన్ను ఊగినట్టు ఊగింది. కింద తుప్పు నీళ్ల చార. చెవులు మోసం చేశాయి గానీ వేళ్లు చేయలేదు. వాటికి ముద్దు పెట్టుకోవాలనిపించింది.

“రేడియేటర్ల ఏ నీళ్లు పోస్తున్నవ్ బిడ్డా?”

“మా ఇంటి బోరు నీళ్లేనండీ. రోజూ పొద్దున్నే నేనే పోస్తాను.”

“మన దిక్కు బోరు నీళ్లు బిందెలకే తెల్లగ పేరుకుంటయ్, గీ సన్న గొట్టాలల్ల పేరుకోవా? తుప్పు పట్టి పంపు పాయె. ప్రేమతోని పోసి దాని పానం తీస్తున్నవ్!” అని కోప్పడి, వెంటనే గొంతు తగ్గించాడు. “ఇంజన్‌కు ఏం గాలే. పంపు మార్చి, రేడియేటర్ కడిగి, కూలెంట్ పోస్తే సాలు. గనీ ఒక్క మాట. ఇది నేను కనిపెట్టలే బిడ్డా. నా చెవి పోయింది. మీ నాయినకు గదే చెప్పు.”

రజని బుచ్చమ్మ వైపు చూసి నవ్వింది. “చెప్తానండీ. పేరు మారింది, ఇప్పుడు చెవి బుచ్చమ్మ అని.”

పంపు బిగించే పని సాయంత్రం దాకా పట్టింది. ఆడవాళ్లిద్దరూ కొట్టులో కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. మధ్యలో తలెత్తి చూస్తే బుచ్చమ్మ ఏదో చెబుతోంది, రజని విరగబడి నవ్వుతోంది. ఏసుపాదానికి ఒక్క ముక్కా వినిపించలేదు. దూరం కదా అనుకున్నాడు.

పని అయ్యాక రజని, ఏసుపాదం కారును వేములపల్లి దాకా నడిపి చూశారు. వేడి చూపించే ముల్లు సగం దగ్గర నిలబడి కదల్లేదు. రజని సంతోషానికి అంతు లేదు. తిరిగి వస్తుంటే ఏసుపాదం మెల్లగా అడిగాడు.

“కోదాడల గొంతు డాక్టర్ మంచోడున్నడా బిడ్డా? మా ఆమె గొంతు బొంగురువోయి ఏడాదాయె.”

“పిన్ని గొంతా? బొంగురా?” రజని వేగం తగ్గించింది. “శుభ్రంగా, సన్నగా ఉందండీ. ఇందాక నాకు చర్చి పాట కూడా పాడి వినిపించింది. మీతో మాట్లాడేటప్పుడే లావుగా మాట్లాడుతోంది. మీ ఇంట్లో అలవాటేమో అనుకున్నాను.”

ఏసుపాదం ముల్లు వైపు చూడటమే మరిచిపోయాడు.

రజనిని సాగనంపి నేరుగా పొయ్యి దగ్గరకు పోయాడు. ఆ పొద్దున కొన్న గోళీల అట్ట జేబులోనే ఉంది. తీసి బల్ల మీద పెట్టాడు.

“ఎప్పటిసంది?”

బుచ్చమ్మ మిర్చి నూనెలోకి వదిలి అతని మొహం చూసింది. దేని గురించని అడగలేదు.

“పప్పు మాడిననాటిసంది. వాసనకు ఉరికొచ్చి సూస్తే నువ్వు పొయ్యి పక్కన కండ్లు తెరుసుకోనే కూసున్నవ్. కుక్కర్ కూస్తనే ఉంది. నేను సన్నగ పిలిస్తే పలుకలే. కడుపులకెల్లి లావుగ పిలిస్తే తిరిగినవ్.”

“మరి గా గోళీలన్ని ఎందుకు మింగినవే?”

“నువ్వు తెస్తివి గద.”

ఏసుపాదం స్టూలు మీద కూలబడ్డాడు. కళ్లు తుడుచుకుంటే చేతి గ్రీజు మొహమంతా అంటుకుంది. తనొక్కడే మోస్తున్నాననుకున్న బరువులో సగం ఈమె ఏడాదిగా గొంతులో మోసింది.

“బుచ్చీ, ఒక్కపారి నీ అసలు గొంతుతోని పిలువు.”

ఆమె గరిటె పక్కన పెట్టి, పిలిచింది. పెదవులు కదిలాయి. రోడ్డవతల ఆటోవాడు తల తిప్పి చూశాడు. ఏసుపాదానికి నూనె కాగుతున్న పొయ్యి, ఆమె మొహం తప్ప ఇంకేమీ అందలేదు.

“ఇనబడ్డదా?” లావు గొంతుతో అడిగింది.

ఏడాదిగా అలవాటైన అబద్ధం నోటిదాకా వచ్చింది.

“లేదు,” అన్నాడు. “ఇంకోపారి పిలువు.”