టెంకాయ నిలబడిన చోటు

1952 మార్చిలో నన్ను ఆత్మకూరు సెక్షనుకు ఓవర్సీరుగా వేశారు. ఇంజనీరింగ్ కొలువులో అది కింది మెట్టు. మాకు పైన అసిస్టెంటు ఇంజనీరు, ఆ పైన దేవుడు. కరువు రోజులు కావడంతో మంచినీళ్ల బావులకు చోట్లు చూసే పని నాకు అప్పజెప్పారు. చేజర్ల వైపు ఒక ఊరికి (పేరు చెప్పను) బావి మంజూరైంది.

పద్ధతి ప్రకారం ముందు ట్రయల్ పిట్, అంటే పరీక్ష గుంత తవ్వించి మట్టి చూడాలి. తర్వాత ఆ చోటు తమకు సమ్మతమేనని ఊరివాళ్ల సంతకాలు, వేలిముద్రలతో మహజరు రాయించాలి. ఊరికి ఎడంగా చెరువుకట్ట కింద ఉన్న పల్లెలో ఈతచెట్ల దగ్గర గుంత తవ్విస్తే మనిషి లోతులోనే తడిమట్టి తగిలింది. ఆ పల్లెవాళ్లు చేపలు పట్టి, కూలికి పోయి బతికేవాళ్లు. ఎండాకాలం చెరువులో చెలమలు తీసుకుని ఆ బురదనీళ్లే తాగేవాళ్లు. బావి వాళ్లకే రావాలని నాకు గట్టిగా ఉండేది.

ఊరి పెద్దలు మాత్రం టెంకాయ చూడందే సంతకం పెట్టమన్నారు. కలువాయి వైపు నుంచి రామయ్య అనే ఆయన వచ్చేవాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని నడుస్తాడు. నీళ్లున్న చోట కాయ నిటారుగా లేస్తుందట. వాళ్లతో వాదించే ఓపిక లేక, ముందురోజే రామయ్యను పిలిచి, కాఫీ ఇప్పించి, కొత్త పంచె చేతిలో పెట్టి, కాయ ఈతచెట్ల దగ్గర లేస్తే బాగుంటుందన్నాను. మర్నాడు సరిగ్గా అక్కడే లేచింది. జనం దణ్ణాలు పెట్టారు. నా తెలివికి నేనే మురిసిపోయి, టెంకాయ మహిమ కళ్లారా చూశానని మహజరులో నా చేత్తో రాసి సంతకం పెట్టాను.

పదిరోజులకు అసిస్టెంటు ఇంజనీరు క్యాంపు వచ్చాడు. ఆయన ముందు మళ్లీ టెంకాయ నడిపించాలని పంచాయతీ ప్రెసిడెంటు పట్టుబట్టాడు. ఈ ప్రెసిడెంటు ఎన్నికల సభల్లో మూఢనమ్మకాలను దుమ్మెత్తిపోసినవాడు. "నాకైతే నమ్మకం లేదు ఓవర్సీరుగారూ, జనానికుండాది. ప్రజారాజ్యంలో జనం మాట కాదనేదానికి మనమెవరం?" అన్నాడు నాతో.

రామయ్య ఈసారి జరీ అంచు పంచె కట్టుకొచ్చాడు. టెంకాయ ఈతచెట్ల దగ్గర ఉలుకూ పలుకూ లేకుండా పడుకుంది. ప్రెసిడెంటు పశువుల కొట్టం పక్కకు రాగానే లేచి నిలబడింది.

అసిస్టెంటు ఇంజనీరు నా అభిప్రాయం అడిగాడు. నేను నోరు తెరవకముందే పల్లె పెద్దామె పోలమ్మ ముందుకొచ్చింది.

"కాయ సంగతి నాకు తెలవదు సామీ. నువ్వు తవ్విచ్చిన గుంతలో తడి ఉన్నింది. నేను మట్టి పిసికి చూసినాను, నువ్వూ చూసినావు. ఆ ముక్క పెద్దదొరకి చెప్పు."

చెబితే మొదటిసారి కాయ ఎందుకు లేచిందో కూడా చెప్పాల్సి వచ్చేది. నేను రాసిన మహజరు ప్రెసిడెంటు చేతిలో ఉంది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. "టెంకాయ అబద్ధం చెప్పదమ్మా" అన్నాను. రామయ్య కూడా నా మొహం చూడలేక తల తిప్పుకున్నాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుతో ప్రాణం చచ్చిపోతుంది.

ప్రజాభిప్రాయం మేరకు చోటు మార్చినట్టు ఫైల్లో రాసుకున్నాం. కొట్టం పక్కన బండకు మందు పెట్టి పేల్చి, ఎస్టిమేటుకు రెండింతల లోతు దింపితే నీళ్లు పడ్డాయి. టెంకాయ పరువు దక్కింది. పల్లెవాళ్లను ఆ బావి గిలక ముట్టుకోనివ్వలేదు.

జనం టెంకాయనే నమ్ముతారు, మట్టిని నమ్మరు అని నాకు నేనే తీర్మానించుకున్నాను. కానీ ఆ ఊళ్లోనే మట్టిని నమ్మిన మనిషి ఒకామె ఉంది. ఆమె మాట కాదన్నది నేను. ఆ తర్వాత సర్వీసంతా గుంతలో కనబడిందే రాశాను. ఊరివాళ్లు సంతకం పెట్టకపోతే పెట్టలేదనే రాశాను. పోలమ్మ పల్లెకు మాత్రం నేను బదిలీ అయ్యేనాటికి కూడా బావి రాలేదు.