నాంచారమ్మ ఊడ్చిన ఇసక

నాంచారమ్మకు అరవై దాటాయి. బందరు దగ్గర సముద్రపొడ్డున నెత్తళ్లు ఎండబెట్టి గుడివాడలో అమ్ముతుంది. ఎండుచేపల్లో గాజుపెంకు ఒక్కటి తగిలినా కొన్నవాళ్లు మళ్లీ ఆమె దగ్గరకు రారు. అందుకే రోజూ పొద్దున్నే, షికారుకొచ్చిన మారాజులు పగలగొట్టిపోయిన సీసాలన్నీ ఏరి, ఇసకంతా చీపురుతో ఊడ్చి, ఆ తర్వాతే చేపలు పరుస్తుంది. నలభై ఏళ్లుగా ఇదే పని.

శుభ్రమైన బీచ్‌లకిచ్చే అవార్డు కోసం తనిఖీ బృందం వస్తోందని, ముందురోజు ఒక అధికారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దిగాడు.

"ఈ కంపుంటే అవార్డేం వస్తుంది? తీయించండి."

సగం ఎండిన చేపల్ని గోతాలకెత్తించాడు. అవన్నీ కుళ్లిపోయాయి. మర్నాడు అంత తీరాన్నీ వదిలేసి, బృందాన్ని సరిగ్గా ఆమె ఊడ్చిన చోటే నిలబెట్టాడు. అవార్డొచ్చింది. అతని ఫొటో పేపర్లో పడింది. అక్కడ చేపలు ఎండబెట్టకూడదని బోర్డు పాతారు.

నెల తిరక్కుండా అతనే ఆమె గుమ్మం ముందుకొచ్చాడు. మళ్లీ తనిఖీ ఉందట.

"ఊడవడం మానేశావేంటమ్మా? ఎక్కడ చూసినా గాజుపెంకులే."

నాంచారమ్మ కూర్చున్నచోటు నుంచి లేవలేదు.

"నేనూడ్చింది నా చేపల కోసమండీ. మీ కాళ్ల కోసం కాదు."