ఆకుపచ్చ ఆది జాకెట్టు

మా అన్న భార్య, అంటే మా వదిన, ఒక పెళ్ళిపందిట్లో నలుగురి ముందర నా కుట్టుపనిని చులకన చేసింది. ఆ రోజు పెళ్ళి చేసుకున్నవాళ్ళకు ఇప్పుడు అల్లుళ్ళు కూడా వచ్చారు. నాకు మాత్రం ఆమె పందిట్లో ఏ గుంజ పక్కన నిలబడి అన్నదో కూడా గుర్తుంది. నేను కుట్టిచ్చిన జాకెట్టు వేసుకుని, చెయ్యి సగం పైకెత్తి, "సూడండి, ఇంతకు మించి లేయదు. మా ఆడబిడ్డ దీన్ని మనిషికి కుట్టిందో, అంగడి ముందర నిలబెట్టే బొమ్మకు కుట్టిందో!" అన్నది. అందరూ నవ్వారు. "నువ్విచ్చిన ఆదికే కుట్టినాను గదా వదినా" అని నేనన్నది ఆ నవ్వుల్లో ఎవరికీ వినపడలేదు.

ఆది అంటే ఆది జాకెట్టు. మా వైపు చాలామంది ఆడవాళ్ళు ఒంటికి టేపు పెట్టనివ్వరు. బాగా సరిపోయిన జాకెట్టు ఒకటి దాచుకుని, కొత్తది కుట్టించేటప్పుడల్లా దాన్నే కొలతకు ఇస్తారు. మా వదిన ఇచ్చింది తన పెళ్ళినాటి ఆకుపచ్చ జాకెట్టు. అప్పటికే ఆమెకు ఇద్దరు పిల్లలు. ఆమె మారింది, జాకెట్టు మాత్రం కొత్త పెళ్ళికూతురుగానే ఉండిపోయింది. తప్పు ఎవరిదో మీరే చెప్పండి.

ఆ తర్వాత నేను కుట్టడం మానేశాను. తొక్కుడు మిషను మీద మొదట టీవీ పెట్టాం, తర్వాత బియ్యం డబ్బా పెట్టాం, ఆఖరికి పాత ఇనుముకు వేశాం.

మళ్ళీ ఎందుకు మొదలుపెట్టానంటే, ఆదోనిలో మిషన్ల అంగడాయన వల్ల. ఫ్యాను కొనడానికి పోయి, పక్కనే ఉన్న కొత్తరకం కుట్టుమిషను మీద చెయ్యి వేశానంతే. "అది కంప్యూటరు మిషను పెద్దమ్మా. మీకు అలవాటు కాదులే. మామూలువి ఆ మూల ఉండాయి" అన్నాడు. ఆయన నెత్తి కూడా నెరిసే ఉంది. నేను పెద్దమ్మనట! ఫ్యాను మాట మరిచిపోయి ఆ మిషనే ఇంటికి తెచ్చాను.

దానికి లైటుంది. సూదిలో దారం ఎక్కించడానికి చిన్న కొక్కెం ఉంది. కుట్టు ఎంత పొడుగుండాలో బటను నొక్కి చెప్పొచ్చు. పాత మిషనుకు రెండు కాళ్ళ పని, దీనికి ఒక్క కాలు చాలు. ఆ సంగతి నా ఎడమకాలికి తెలియదు. కుడికాలు పెడలు నొక్కుతుంటే, అది ఉత్త నేలను తొక్కుతూ కూర్చుంది. మొదటిరోజు దిండు గలీబు సర్రున పోయి అవతల పడింది. మా ఆయన పేపరు దించి, "ఆ ఎడమకాలితో యాడికి పోతాండావు, మంత్రాలయానికా?" అన్నాడు. ఆ మాట కూడా నాకు గుర్తుంటుంది.

మిషను సంగతి మా అన్నవాళ్ళుండే ఎమ్మిగనూరు దాకా పోయింది. వదిన ఫోను చేసింది. "కొత్త మిషను కొన్నావంట గదా. మనవరాలికి పేరు పెట్టే దినానికి ఒక పట్టు జాకెట్టు కుట్టియ్యి. ఈడ టైలరు ఇప్పట్లో కాదంటాండాడు. ఆది పంపిస్తా."

ఆదోనికి పని మీద వచ్చిన మా అన్న సంచి ఇచ్చి పోయాడు. విప్పి చూస్తే, పట్టు గుడ్డతో పాటు అదే ఆకుపచ్చ జాకెట్టు! ఇన్నేళ్ళ తర్వాత కూడా.

"ఆమె ఎంతుందో అంత కుట్టు, అయిపోతుంది" అన్నాడు మా ఆయన.

"అట్ల కుడితే నన్ను లావైనావంటివే అని బతికినన్నాళ్ళు అంటుంది. ఆదికి కుడితే మళ్ళీ బొమ్మకు కుట్టినానంటుంది. రెండింట్లో ఏదైనా పోయేది నా పరువే."

రెండు రోజులు గుడ్డ మీద కత్తెర పెట్టలేదు. తర్వాత మా వదిన ఎంతుందో అంతకు, ఇంకొంచెం ఎక్కువకే కత్తిరించాను. కుట్టడం మాత్రం ఆకుపచ్చ జాకెట్టు కొలతకే కుట్టాను. పక్కల్లో మూడు వరసలు కుట్టు వేశాను. అన్నిటికన్నా లోపలి వరసకు, దాని పక్క వరసకు మిషనులో పొడుగు కుట్టు పెట్టాను, దారం కొన పట్టి లాగితే ఊడొచ్చేటట్టు. చివరిది మాత్రం ఆమె ఇప్పటి ఒంటికి సరిపోయే గట్టి కుట్టు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పేరు పెట్టే రోజు వదిన ఆ జాకెట్టే వేసుకుంది. తొట్టిల తాడు సరిచేయడానికి రెండు చేతులూ పైకెత్తింది. నిండా ఎత్తింది. నేను పక్కకు పోయి చూశాను. పట్టు గుడ్డ గదా, విప్పిన కుట్ల దగ్గర సూది గుర్తులు సన్నగా కనిపిస్తున్నాయి. రెండు వరసలూ విప్పేసింది.

"జాకెట్టు బాగా కుదిరిందే, ఎవరు కుట్టినారు?" అని పక్కింటామె అడిగింది.

"మా ఆడబిడ్డ కొత్త మిషను" అన్నది వదిన. "దాని పనితనం సూడు, ఎంత బాగుందో!"

మా ఆడబిడ్డ కాదు, మిషనట!

"మిషనుకు తెలివి ఎక్కువ వదినా" అన్నాను, అందరికీ వినపడేటట్టు. "నువ్వు రెండు వరసలు విప్పుతావని దానికి ముందే తెలుసు."

వదిన చటుక్కున కొంగు లాగి పక్క కప్పుకుంది. నన్ను రెక్క పట్టుకుని వాళ్ళింటి మగ్గం గదిలోకి ఈడ్చుకుపోయి తలుపు వేసింది. తిడుతుందనుకుని నేనూ సిద్ధంగా నిలబడ్డాను.

"నోరు ఆపుకోలేవా? ఇంగా రెండు గుడ్డలుండాయి" అన్నది. "టేపు తెచ్చినావా?"

తేలేదు. మగ్గం పక్కనున్న కండె నుంచి నూలు పోగు పొడుగ్గా లాగి తెంపాను. ఆమె చేతులెత్తింది. పోగు ఒంటిచుట్టూ తిప్పి, కొలత దగ్గర ముడి వేయబోతూ చూస్తే, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, పైకప్పు వైపు చూస్తోంది.

"ఊపిరి వదులు వదినా."

తల అడ్డంగా ఊపింది.

నేను ముడి వేయలేదు. రెండు కొనలూ పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. బయట పాపకు పేరు పెట్టడానికి మమ్మల్ని పిలుస్తున్నారు. నాకేం తొందర లేదు.