శ్రావణంలో పెళ్లికుండలు

మా అమ్మాయి పెళ్లికి శ్రావణమాసంలో ముహూర్తం కుదిరిన దగ్గర్నుంచి నా భయమల్లా వాన గురించే. షామియానా కారుతుందని కాదు, కుండలు ఆరవని.

మా ఇళ్లలో పెళ్లంటే పందిట్లో అరివేణి కుండలు ఉండాలి. కుమ్మరి ఇంటికి వెళ్లి, ఆ ఇంటి ఆడమనిషికి బొట్టుపెట్టి, చీర పెట్టి, మేళంతో తెచ్చుకోవాలి. రైలు పనికి శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చిన మా పెద్దలు కుమ్మరిని వెంటబెట్టుకు రాలేదు గానీ ఆచారాన్ని మాత్రం మూటగట్టుకొచ్చారు. అందుకే పూరీ గేట్ అవతల ఉండే బెంగాలీ కుమ్మరామె మా ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీ పెళ్లిళ్లకు కుండలు చేస్తుంది. మిగతా రోజుల్లో ఆవిడ పని టీకొట్లకు మట్టి కప్పులు చేయడం.

వాన పట్టింది, ఇక వదల్లేదు. కుండలు కాల్చే ఆవం తడిసి ముద్దయిందని, పచ్చికుండలు ఆరడం లేదని కుమ్మరామె కబురు పెట్టింది. బజార్లో కుండలు కొని సున్నం పూసి ముగ్గులేద్దామన్నాను. మా అత్తగారు నావైపు చూడనైనా చూడలేదు.

"ఎవులి కోసమో సేసిన కుండ మన పిల్ల పెళ్లికేటి? కుండలు రాకపోతే నాను పందిట్లోకి రాను," అన్నారు.

అన్నంత పనీ చేసే మనిషి. అమ్మాయిని నేను కన్నానన్న మాటే గానీ పెంచింది ఆవిడే. నానమ్మ లేకుండా పీటల మీద కూర్చోనని పిల్ల మొండికేసింది. ఇద్దరి మధ్యా నలిగిపోయాను. అత్తగారి మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

పెళ్లికి ముందురోజు గొడుగులేసుకుని బయల్దేరాం. మేళగాళ్లు డప్పులకు ప్లాస్టిక్ కవర్లు తొడిగారు. కుమ్మరామె మమ్మల్ని తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్లింది. కుండల్ని తన పొయ్యి చుట్టూ పేర్చి ఆరబెట్టి, పెరట్లో రేకుల కింద చిన్న గుంట తవ్వి కాల్చిందట. గోడవార ఎర్రగా వరసగా ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె మాత్రం ముఖం చిన్నబుచ్చుకుని నిలబడింది.

"మాసీ, కట్టెలు తడి. ఒకటి కాలో అయిపోయింది," అంటూ వెనక దాచిన కుండను మా అత్తగారి ముందు పెట్టింది. దాని పక్కన అరచేయంత నల్లటి మచ్చ.

ఇక ఈవిడ పందిట్లోకి రానట్టే అనుకున్నాను. అత్తగారు కుండ ఎత్తి వేళ్లతో కొట్టి చూశారు. ఖంగుమంది. మచ్చను మెల్లగా తడిమారు.

"పెళ్లికూతురికి బుగ్గన సుక్క ఎట్టకుండా పీటల మీద కూకోబెడతామేటి? కుండకీ అంతే. ఆ మచ్చ మీద సున్నం పుయ్యకండి," అన్నారు.

కుమ్మరామె నవ్వేసింది. నేను మాత్రం ఆ వంటింట్లోనే కూలబడి ఏడ్చేశాను. ఎన్నాళ్లుగానో మోస్తున్న బరువు దిగిపోయింది. అత్తగారి మీద కోపం ఎటు పోయిందో తెలియదు.

మర్నాడు కుండలన్నీ తెల్లగా ముగ్గులేసుకుని నిలబడితే, ఆ ఒక్కదాన్ని మచ్చ ముందుకు తిప్పి పెట్టించారు అత్తగారు. పిల్ల బుగ్గన కాటుక చుక్క తనే దిద్ది, అందరికంటే ముందే వచ్చి పందిట్లో కూర్చున్నారు.